బెంగళూరులో అద్దెకిచ్చిన ఇంటి అప్పును మరో బ్యాంకుకు మార్చుకున్న వైనం: నా అనుభవం

బెంగళూరు తూర్పు వైపు, హూడి దగ్గర మాకు రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి ఉంది. 2017లో అప్పు చేసి కొన్నాం. పిల్లల చదువు కోసం కనకపుర రోడ్డు వైపు అద్దె ఇంటికి వచ్చిన తరువాత, ఆ ఫ్లాటును మేమూ అద్దెకే ఇచ్చాం. దాని మీదున్న గృహరుణాన్ని 2025లో ఒక హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ నుంచి ఒక ప్రభుత్వరంగ బ్యాంకుకు మార్చుకున్నాం. ఈ నగరంలో ఉద్యోగాలు చేసుకుంటూ, ఒక చోట ఇల్లు కొని మరో చోట అద్దెకుంటున్న తెలుగు కుటుంబాలు నాకు తెలిసినవే చాలా ఉన్నాయి. వాళ్లలో ఎక్కువమంది తమ అప్పు మీద ప్రస్తుతం ఎంత వడ్డీ పడుతోందో చెప్పగలరు గాని, ఆ వడ్డీ దేనికి ముడిపడి ఉందో చెప్పలేరు. ఈ పని మొదటి నుంచి చివరి దాకా చేసిన తరువాత, అసలు చూడవలసింది ఆ ముడినే అని నాకు గట్టిగా అనిపించింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

మా పాత అప్పు ఇరవై ఏళ్లది. ఎనిమిదేళ్లు కట్టాక పన్నెండేళ్లు మిగలాలి. సంస్థ పంపిన వివరాల పట్టికలో మాత్రం ఇంకా పదహారేళ్లు ఉన్నట్టు చూపింది. ఇందుకు రెండు కారణాలున్నాయి. 2020లో కరోనా సమయంలో ఆర్‌బీఐ అనుమతించిన ఆరు నెలల మారటోరియంను (వాయిదాలు ఆపుకునే వెసులుబాటును) మేము వాడుకున్నాం. ఆ నెలల వడ్డీ అసలులో కలిసింది. రెండోది ఇంకా పెద్దది. 2020 మేలో 4 శాతానికి దిగిన రెపో రేటును (బ్యాంకులకు ఇచ్చే స్వల్పకాలిక అప్పు మీద ఆర్‌బీఐ వేసే వడ్డీని) ఆర్‌బీఐ 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల ఆరు విడతలుగా పెంచి 6.50 శాతానికి తెచ్చింది. మా సంస్థ ప్రతిసారీ వడ్డీ పెంచింది గాని ఈఎంఐ పెంచలేదు, గడువు పొడిగించింది. ప్రతి నెలా అదే 50,440 రూపాయలు ఖాతాలోంచి పోతుంటే ఇంట్లో ఎవరికీ తేడా తెలియదు; తేడా అంతా చివర చేరే నెలల్లో ఉంటుంది.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రెపో రేటు మూడు విడతల్లో పూర్తిగా ఒక శాతం తగ్గి 5.50కి వచ్చింది. మా అప్పు మీద వడ్డీ మాత్రం 9.65 నుంచి 9.40కి, అంటే పావు శాతమే తగ్గింది. ఫోను చేసి అడిగితే, వాళ్ల రేటు రెపోతో కాక సంస్థ సొంత ప్రామాణిక రేటుతో ముడిపడి ఉందని చెప్పారు. ఆ మాట నిజమే. 2019 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు కొత్తగా ఇచ్చే ఫ్లోటింగ్ వడ్డీ (కాలంతోపాటు మారే వడ్డీ) గృహరుణాలను రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపెట్టాలనీ, మూడు నెలలకొకసారైనా సవరించాలనీ ఆర్‌బీఐ నియమం పెట్టింది. హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలు కూడా 2019 నుంచి ఆర్‌బీఐ నియంత్రణలోకే వచ్చినా, ఈ నియమం వాటికి వర్తించదు. తమ ప్రామాణిక రేటును ఎప్పుడు, ఎంత మార్చాలో వాళ్లే నిర్ణయించుకుంటారు. బ్యాంకులో అప్పు ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉండటానికి లేదు: 2016 నుంచి 2019 మధ్య తీసుకున్నవారి అప్పు ఎంసీఎల్ఆర్‌తోనూ, అంతకు ముందువారిది బేస్ రేటుతోనూ (రెండూ బ్యాంకులు తామే లెక్కగట్టుకునే ప్రామాణిక రేట్లు) ముడిపడి ఉండిపోయి ఉండవచ్చు. మంజూరు పత్రం తీసి చూస్తే గాని తెలియదు.

పాత సంస్థను వదలడానికి ముందు దాన్నే అడగడం న్యాయం, లాభం కూడా. రేటు తగ్గించమని మెయిల్ రాస్తే, కన్వర్షన్ ఫీజు (ఉన్న అప్పు రేటు మార్చినందుకు రుసుము) కడితే 8.50కి తగ్గిస్తామని జవాబు వచ్చింది. అదే వారంలో వాళ్ల ప్రకటనలో కొత్తవారికి 7.90 నుంచి అని ఉంది. ఎనిమిదేళ్లుగా ఒక్క ఈఎంఐ కూడా తప్పకుండా కట్టిన మాకు ఆ రేటు ఎందుకు ఇవ్వరని అడిగితే, "పాత కస్టమర్లకు స్కీము వేరండీ" అన్నారు. ఆ మాట నన్ను బాధించింది. లోపల ఉన్నవాడికి ఒక ధర, గుమ్మం బయట నిలబడ్డవాడికి ఇంకో ధర పెట్టే ఈ పద్ధతి అప్పులిచ్చే సంస్థల్లో ఎంత మామూలైపోయిందంటే, ఫోనులో మాట్లాడిన అమ్మాయికి అందులో చెప్పుకోవలసిన తప్పేమీ కనిపించలేదు.

అప్పుడు మూడు చోట్ల విచారించాం: ఒక ప్రైవేటు బ్యాంకు, ఒక ప్రభుత్వరంగ బ్యాంకు, మరో హౌసింగ్ ఫైనాన్స్ సంస్థ. మూడో దానిలోనూ సొంత ప్రామాణిక రేటే కాబట్టి దాన్ని తొందరగానే పక్కన పెట్టాం. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. దరఖాస్తు పెట్టిన ప్రతి చోటా మన సిబిల్ నివేదికను (అప్పుల చెల్లింపు చరిత్రను) తీస్తారు, ఆ విచారణలన్నీ నివేదికలో నమోదవుతాయి. కాబట్టి దరఖాస్తు పెట్టకముందే మన నివేదికను మనమే తీసుకుని చూపించి, ఎంత రేటు ఇస్తారో మాటల్లో తేల్చుకోవడం మేలు. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి.

ప్రైవేటు బ్యాంకు తరఫున వచ్చిన ఏజెంటు కడప వైపు కుర్రాడు, చురుకైనవాడు, మర్యాదస్తుడు. ఫారం నింపేటప్పుడు "ఇల్లు సొంత వాడకంలోనే ఉందని రాసేద్దాం మేడమ్, అద్దె అంటే కాగితాలు ఎక్కువ అడుగుతారు" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వాల్యుయేషన్‌కు వచ్చే ఇంజనీరుకు తలుపు తీసేది మా అద్దెవాళ్లు. మా ఆదాయపు పన్ను రిటర్నులో ఆ ఇంటి అద్దె ఏటా కనిపిస్తుంది. బ్యాంకుకు ఇచ్చే సంతకం చేసిన పత్రంలో అబద్ధం ఉంటే, రేపు ఏ చిన్న వివాదం వచ్చినా ఆ కాగితం మనకు ఎదురు తిరుగుతుంది. పైగా ఇల్లు అద్దెకిచ్చామన్న కారణంతో ఈ రెండు బ్యాంకుల్లో ఏదీ మాకు రేటు పెంచలేదు. అడిగిన అదనపు కాగితాలు కూడా అద్దె ఒప్పందం, అద్దె జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, అంతే. అద్దె 28,000 అయినా అర్హత లెక్కలో దాన్ని పూర్తిగా తీసుకోలేదు, కొంత కోసి మిగతాదే ఆదాయంగా చూశారు. మా ఇద్దరి జీతాలు సరిపోయాయి గాని, అద్దె మీదే ఆధారపడి అప్పు మార్చుకోవాలనుకునేవారు ఈ కోతను ముందే లెక్కలో వేసుకోవాలి. అద్దె నగదుగా తీసుకునేవారికి ఆ ఆదాయం బ్యాంకు కంటికి అసలు ఆననే ఆనదు.

ప్రైవేటు బ్యాంకు నోటిమాటగా 7.50 అంది, ప్రభుత్వరంగ బ్యాంకు 7.60 అంది. శాతంలో ఆ పదో వంతు తేడా చూసి మా వారు మొదటిదే మేలన్నారు. రెండు చోట్లా నేను అడిగింది ఒక్కటే: ఈ రేటులో రెపో ఎంత, దాని మీద మీరు కలిపే స్ప్రెడ్ ఎంత, ఆ స్ప్రెడ్‌లో తాత్కాలిక రాయితీ ఏమైనా ఉందా? ప్రభుత్వరంగ బ్యాంకు అధికారి కాగితం మీద రాసి చూపారు: రెపో 5.50, స్ప్రెడ్ 2.10. ప్రైవేటు బ్యాంకులో ఈ ప్రశ్నకు జవాబు రాబట్టడానికి చాలాసార్లు అడగవలసి వచ్చింది. చివరికి పండుగల సీజను రాయితీ ఒకటి స్ప్రెడ్‌లో కలిసి ఉందని, దాన్ని ఉపసంహరించుకునే హక్కు తమకుందని ఒక నిబంధన బయటపడింది. స్ప్రెడ్ విషయంలో ఆర్‌బీఐ నియమం ఇది: అందులో రుణగ్రహీత పరపతికి సంబంధించిన భాగాన్ని అతని పరపతి అంచనా గణనీయంగా మారితేనే మార్చాలి, మిగతా భాగాలను మూడేళ్లకొకసారి మాత్రమే మార్చవచ్చు. తగ్గించదలచుకుంటే మూడేళ్లు ఆగనవసరం లేదని 2025 అక్టోబరు నుంచి సడలించారు కూడా. రెపో మన చేతిలోనూ లేదు, బ్యాంకు చేతిలోనూ లేదు. బ్యాంకు చేతిలో ఉన్నది స్ప్రెడ్ ఒక్కటే, కాబట్టి బేరమంతా దాని మీదే జరగాలి. ఈ రోజు రేటు ఎంతన్నది రెండో ప్రశ్న.

2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ రుణానికీ కీలక వివరాల పత్రం, అందరూ కేఎఫ్ఎస్ అనేది, తప్పనిసరి చేశారు. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, లాయరు రుసుము, వాల్యుయేషన్ రుసుము, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఏడాదికి నికరంగా ఎంత శాతం పడుతుందో అందులో ఒకే అంకెగా చూపాలి. అది ఇచ్చాక ఆలోచించుకోవడానికి కనీసం మూడు పని దినాల వ్యవధి ఇవ్వాలి, రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ప్రైవేటు బ్యాంకు కేఎఫ్ఎస్ అడిగి తీసుకుని చూస్తే, 7.50 అన్న అప్పు నికర శాతం ప్రభుత్వరంగ బ్యాంకు దానికంటే ఎక్కువగా ఉంది. ఎందుకంటే అప్పు మొత్తానికి ఒకేసారి ప్రీమియం కట్టే జీవిత బీమాను అందులో కలిపేశారు, ఆ ప్రీమియాన్ని కూడా అప్పులోనే చేర్చారు. పదహారేళ్లు దాని మీదా వడ్డీ కట్టాలి. "ఇది తప్పనిసరి మేడమ్, సిస్టమ్ ఒప్పుకోదు" అన్నారు. ఇంటి అప్పుకు జీవిత బీమా తీసుకోవాలని ఏ చట్టమూ చెప్పదు. బీమా మంచిదే, ఇంటి పెద్ద పోతే అప్పు కుటుంబం మీద పడకూడదు. అయితే దానికి విడిగా ఒక టర్మ్ పాలసీ తీసుకుంటే చాలు, మాకు అది అప్పటికే ఉంది. తప్పనిసరి అన్న మాటను మెయిల్‌లో రాసి పంపమని అడిగాను. ఆ మెయిల్ రాలేదు. మేము ప్రభుత్వరంగ బ్యాంకు వైపు తిరిగాం.

మిగిలిన 50 లక్షల అసలుకు, పదహారేళ్ల గడువుకు లెక్క వేస్తే 9.40 శాతం మీద ఈఎంఐ 50,440 రూపాయలు, 7.60 మీద 45,080. నెలకు సుమారు 5,360 రూపాయల చొప్పున మొత్తం గడువులో దాదాపు 10 లక్షల 30 వేలు మిగులుతుంది. అదే ఈఎంఐ తగ్గించకుండా పాత 50,440నే కడుతూ పోతే అప్పు పదమూడేళ్లకే తీరిపోతుంది, మిగిలేది దాదాపు 18 లక్షలు. అధికారులెవరూ ఈ రెండో లెక్క తమంతట తాము చెప్పలేదు, అందరూ తగ్గిన ఈఎంఐనే చూపించారు. కొత్త అప్పు గడువును మళ్లీ ఇరవై ఏళ్లకు పెంచితే ఈఎంఐ ఇంకా తగ్గుతుందని కూడా ఆశ పెట్టారు. అలా గడువు పెంచుకుంటే తక్కువ వడ్డీ వల్ల వచ్చిన లాభంలో పెద్ద భాగం తిరిగి బ్యాంకుకే పోతుంది. మారడానికి అయ్యే ఖర్చు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, లాయరు, వాల్యుయేషన్, తాకట్టు రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి అర లక్షకు కాస్త పైన తేలింది. నెలవారీ మిగులుతో అది ఏడాది లోపే తిరిగి వస్తుంది కాబట్టి మారడం సమంజసమని నిశ్చయించుకున్నాం. గడువు నాలుగైదేళ్లే మిగిలినవారికి ఈ లెక్క ఇంత అనుకూలంగా రాదు.

ఆదాయపు పన్ను సంగతి అద్దె ఇంటికి ప్రత్యేకమైనది కనుక కొంచెం ఆగి చెప్తాను. అద్దెకిచ్చిన ఇంటి విషయంలో, వచ్చిన అద్దెలోంచి మనం కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదానిలో 30 శాతం మరమ్మతుల కింద మినహాయించి, ఆపైన అప్పు వడ్డీ మొత్తాన్ని మినహాయించుకోవచ్చు. మాకు ఏడాదికి అద్దె మూడు లక్షల ముప్ఫై ఆరు వేలు, మినహాయింపులు పోగా మిగిలేది రెండు లక్షల ముప్ఫై వేలలోపు, పాత అప్పు మీద ఏటా వడ్డీ నాలుగున్నర లక్షలకు పైనే. అంటే ఇంటి ఖాతాలో రెండు లక్షలకు పైగా నష్టం. పాత పన్ను విధానంలో ఉన్నవారు ఈ నష్టాన్ని రెండు లక్షల దాకా జీతంలోంచి తగ్గించుకోవచ్చు, మిగిలింది ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకుపోవచ్చు. కొత్త విధానంలో ఉన్న మాలాంటివారికి వడ్డీ అద్దె మేరకే పనికొస్తుంది. దాన్ని మించిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడానికీ లేదు, ముందుకు తీసుకుపోవడానికీ లేదు. "వడ్డీ తగ్గితే పన్ను మినహాయింపు పోతుంది కదా" అని మా ఆఫీసులో ఒకాయన సలహా చెప్పారు. కొత్త విధానంలో మాకు పోయేది ఏమీ లేదు, తగ్గిన ప్రతి రూపాయీ పూర్తిగా మిగిలినట్టే. మొదటి అప్పు తీర్చడానికి తీసుకున్న రెండో అప్పు మీద వడ్డీకి కూడా మినహాయింపు వర్తిస్తుంది. కాకపోతే మారిన ఏడాదిలో పాత సంస్థ నుంచి ముగింపు తేదీ వరకు, కొత్త బ్యాంకు నుంచి ఆ తరువాతి కాలానికి, రెండు వడ్డీ ధ్రువపత్రాలు తీసుకోవాలి.

దీనితోపాటే ఇంకో ప్రలోభం ఎదురవుతుంది. ఫ్లాటు విలువ అప్పు కంటే చాలా ఎక్కువ ఉందని వాల్యుయేషన్‌లో తేలగానే, అదనంగా పది లక్షల టాప్‌అప్ తీసుకోండి అన్నారు. ఆ డబ్బును ఇంటి మరమ్మతులకో నిర్మాణానికో వాడితేనే దాని వడ్డీకి ఇంటి ఆదాయంలో మినహాయింపు ఉంటుంది. కారుకో పెళ్లికో వాడితే ఉండదు. మాకు అవసరం లేదు, వద్దన్నాం.

కాగితాల దగ్గరే అసలు శ్రమ. బ్యాంకు ప్యానెల్ లాయరు కోలారు వైపు పెద్దమనిషి, ఇంట్లో తెలుగే మాట్లాడతారట, మాతోనూ తెలుగులోనే మాట్లాడారు. "అమ్మా, మీ సేల్ డీడు బాగానే ఉంది, ఓసీ ఉంది. ఇ-ఖాతా లేకుండా నేను ఒపీనియన్ ఇవ్వలేను" అని మొదటి రోజే స్పష్టంగా చెప్పారు. ఓసీ అంటే కట్టడం నివాసానికి తగినదని ఇచ్చే పత్రం; ఖాతా అంటే నగరపాలక సంస్థ ఆస్తి రికార్డులో యజమాని నమోదు, ఇ-ఖాతా దాని ఆన్‌లైన్ రూపం. మా దగ్గర పాత కాగితపు ఎ-ఖాతా ఉంది. బెంగళూరులో రిజిస్ట్రేషన్లకు 2024లో ఇ-ఖాతా తప్పనిసరి చేసినప్పటి నుంచి బ్యాంకులు కూడా దాన్నే అడుగుతున్నాయి. తుది ఇ-ఖాతా కోసం ఆధార్, సేల్ డీడు నంబరు, ఆస్తి పన్ను దరఖాస్తు నంబరు, ఇంటి ఫోటో వంటివి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. సేల్ డీడులో మా వారి ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండటంతో దరఖాస్తు ఒకచోట ఆగింది. ఇంటిపేరును ముందు రాసుకునే తెలుగువాళ్లకు ఈ తిప్పలు ఇక్కడ తరచుగా వస్తాయి. రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ పెట్టాక కదిలింది. అప్పు మార్చే ఆలోచన ఉన్నవారు బ్యాంకుల దగ్గరికి వెళ్లే ముందే ఇ-ఖాతా తెచ్చుకోవాలని నా గట్టి సలహా. బి-ఖాతా (నిబంధనలకు పూర్తిగా లోబడని ఆస్తులకు ఇచ్చే ఖాతా) ఆస్తి అయితే చాలా బ్యాంకులు తలుపు దగ్గరే కాదంటాయి, ఆ సంగతి ముందే తేల్చుకోవాలి.

ఈసీ, అంటే ఆస్తి మీద నమోదైన లావాదేవీల ధ్రువపత్రం, రాష్ట్ర రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో దొరికింది. ఫారం 15లో బిల్డరు నుంచి మాకు జరిగిన అమ్మకం, పాత సంస్థకు మేము రాసిచ్చిన టైటిల్ డీడ్ల డిపాజిట్ (పత్రాలు అప్పగించి చేసే తాకట్టు) నమోదై ఉన్నాయి. తరువాత పాత సంస్థ నుంచి మూడు కాగితాలు కావాలి: తమ దగ్గర ఉంచుకున్న అసలు పత్రాల జాబితా, ఈఎంఐల చెల్లింపు చరిత్ర, ఫలానా తేదీకి ఎంత కడితే అప్పు తీరుతుందో చెప్పే ఫోర్‌క్లోజర్ లెటర్. జాబితా అడిగిన మరునాడే వాళ్ల కస్టమర్లను నిలబెట్టుకునే విభాగం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. 8.50 అన్నవాళ్లు 7.95 అన్నారు, కన్వర్షన్ ఫీజు మాఫీ అన్నారు. ఆ రాత్రి మేమిద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం. 7.95 దగ్గర ఆగిపోతే కాగితాల శ్రమ తప్పుతుంది. అయితే ఆ 7.95 కూడా వాళ్ల సొంత ప్రామాణిక రేటుకే ముడిపడి ఉంటుంది. రెపో ఒక శాతం తగ్గినప్పుడు పావు శాతం తగ్గించిన సంస్థ, వచ్చేసారి పూర్తిగా తగ్గిస్తుందని నమ్మడానికి రాతపూర్వకమైన ఆధారం ఏదీ లేదు. మెయిల్‌లో కృతజ్ఞతలు చెప్పి, ఫోర్‌క్లోజర్ లెటర్ పంపమని రాశాం. పాత సంస్థతోనే ఉండదలచుకున్నవారికి మాత్రం ఇక్కడొక ఉపయోగం ఉంది: వాళ్లు ఇవ్వగల అత్యుత్తమ రేటు, పత్రాల జాబితా అడిగాకే బయటికి వస్తుంది.

వచ్చిన లెటర్‌లో అసలు, వడ్డీ కాక 'క్లోజర్ ఛార్జీలు' అని ఒక మొత్తం కనిపించింది. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చినందుకు రుసుము వేయకూడదని బ్యాంకులకు ఆర్‌బీఐ 2012లోనే చెప్పింది, హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలకూ ఆ నిషేధం ఉంది. ఆ నియమం పేర్కొంటూ, ఏ నిబంధన కింద వేశారో చెప్పమని ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టాను. సవరించిన లెటర్ ఆ మొత్తం లేకుండా వచ్చింది. జవాబు రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా హౌసింగ్ ఫైనాన్స్ సంస్థలను పర్యవేక్షించే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు ఫిర్యాదు చేసే దారి ఉంది. ముందుగా సంస్థకే రాసి ముప్ఫై రోజులు చూడాలి. అందుకే మొదటి మెయిల్ తేదీ ముఖ్యం.

వాల్యుయేషన్‌కు ఇంజనీరు వస్తారని మా అద్దెవాళ్లకు ముందుగా ఫోను చేశాను. వాళ్లు కర్నూలు నుంచి వచ్చిన చిన్న కుటుంబం. "ఇల్లు అమ్మేస్తున్నారా అక్కా? మేం ఖాళీ చేయాలా?" అని ఆ అమ్మాయి గాభరాగా అడిగింది. ఇల్లు మాదే, బ్యాంకు మాత్రమే మారుతోంది, మీ ఒప్పందంలో ఒక్క అక్షరం కూడా మారదు అని చెప్పాక స్థిమితపడింది. తెలియని మనిషి కొలతల టేపుతో, కెమెరాతో ఇంట్లోకి వస్తే ఎవరికైనా భయమే. నేను కూడా ఆ రోజు అక్కడికి వెళ్లాను. అద్దెవాళ్లకు ముందే చెప్పడం మర్యాద కోసమే అనుకోనవసరం లేదు. వాళ్లు తలుపు తీయకపోతే నివేదిక రాదు, నివేదిక రాకపోతే మంజూరు లేదు.

మంజూరు పత్రం వచ్చాక సంతకం పెట్టే ముందు రెండు చోట్ల ఆగాం. పాత సంస్థ నుంచి అసలు పత్రాలు కొత్త బ్యాంకుకు చేరే దాకా అదనపు వడ్డీ పడుతుందని ఒక వాక్యం ఉంది. పత్రాలు పంపవలసింది పాత సంస్థ, ఆలస్యం మా చేతిలో లేదు. పత్రాల వాపసుకు నియమం ఇచ్చిన గడువు దాకా అదనపు వడ్డీ వేయకుండా ఆ వాక్యాన్ని సవరించమని కోరితే, బ్రాంచి మేనేజరుగారు పై అధికారుల అనుమతి తెప్పించి మార్పించారు. ఆయన ఓపికకు మేము రుణపడి ఉన్నాం. రెండోది వడ్డీ మొదలయ్యే తేదీ. అప్పు మార్పిడిలో కొత్త బ్యాంకు పాత సంస్థ పేర డీడీ తీస్తుంది. డీడీ తీసిన రోజుకు, అది పాత సంస్థకు అందిన రోజుకు మధ్య వ్యవధి పడితే రెండు చోట్లా ఒకే అప్పు మీద వడ్డీ నడుస్తుంది. డబ్బు నిజంగా చేతికి ఇవ్వకముందే, చెక్కు మీద వేసిన తేదీ నుంచి వడ్డీ లెక్కగడుతున్న సంస్థలను ఆర్‌బీఐ 2024 ఏప్రిల్‌లో తప్పుపట్టి, అలా వసూలు చేసింది తిరిగివ్వమని చెప్పింది. మేము డీడీ తీసిన రోజే పట్టుకెళ్లి పాత సంస్థ కౌంటరులో ఇచ్చి, అప్పు ఖాతా నంబరు వేయించి రసీదు తీసుకున్నాం. నెలలో ఈఎంఐ పడే తేదీకి బాగా ముందే ఇది జరిగేలా చూసుకోవాలి, లేకపోతే తీరిపోయిన అప్పుకు కూడా ఇంకో ఈఎంఐ ఖాతాలోంచి కోసుకుంటారు, దాన్ని తిరిగి రాబట్టడం వేరే పని. ఈఎంఐని ఖాతాలోంచి కోసుకునే అనుమతి అయిన నాచ్ మాండేట్‌ను కూడా రాతపూర్వకంగా రద్దు చేయించుకున్నాం.

అసలు పత్రాలు పాత సంస్థ వేరే ఊళ్లోని భద్రపరిచే కేంద్రంలో ఉన్నాయని, "ఎప్పుడొస్తాయో చెప్పలేం" అని కౌంటరులో అన్నారు. 2023 డిసెంబరు 1 నుంచి ఈ విషయంలో నియమం స్పష్టంగా ఉంది: అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోపు అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి, తాకట్టు నమోదును తొలగించాలి; తమ వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున రుణగ్రహీతకు పరిహారం ఇవ్వాలి. పత్రాలు పోతే నకళ్లు తెప్పించే ఖర్చు కూడా సంస్థదే. అప్పు నడిచిన బ్రాంచిలోనే తీసుకునే హక్కు మనకుంది. ఈ వాక్యాలనే మెయిల్‌లో రాసి, హూడికి దగ్గరగా ఉన్న బ్రాంచికి పంపమని కోరాం. గడువులోపే వచ్చాయి. కొత్త బ్యాంకు ప్రతినిధి మాతో వచ్చి, మొదటి జాబితా పక్కన పెట్టుకుని ఒక్కొక్క పత్రాన్ని పేజీ నంబర్లతో సహా సరిచూశారు. ఆ జాబితాను మొదట్లోనే తీసుకున్నది ఇందుకే; అప్పుడు లేనిదాన్ని ఇప్పుడు అడగలేం.

ఇక మిగిలింది సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు పని. పాత సంస్థ అధీకృత వ్యక్తి వచ్చి పాత డిపాజిట్‌ను రద్దు చేసే పత్రం రాయాలి, తరువాత కొత్త బ్యాంకు పేర మేమిద్దరం టైటిల్ డీడ్ల డిపాజిట్‌ను రిజిస్టరు చేయాలి. రుణ మొత్తాన్ని బట్టి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము పడతాయి. రెంటినీ ఒకే రోజుకు కుదుర్చుకోగలిగితే ఒక సెలవు మిగులుతుంది, మాకు కుదిరింది. తాకట్టుల కేంద్ర రిజిస్ట్రీ అయిన సెర్సాయ్‌లో పాత సంస్థ తన నమోదును మూసిందో లేదో కూడా అడిగి ధ్రువీకరణ తీసుకోవాలి. ఈసీలో తీరిపోయిన అప్పు సెర్సాయ్‌లో మాత్రం బతికే ఉంటే, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయరు దాన్ని పట్టుకుంటారు. సిబిల్‌లో పాత అప్పు 'క్లోజ్డ్' అని పడటం కూడా చూసుకున్నాం. 2025లో ఈ సమాచారాన్ని పక్షానికొకసారి పంపవలసి ఉండేది కాబట్టి ఎక్కువ కాలం పట్టలేదు.

2025 డిసెంబరులో ఆర్‌బీఐ రెపో రేటును మరో పావు శాతం తగ్గించి 5.25కి తెచ్చింది. మేము ఎవరికీ ఫోను చేయలేదు, మెయిల్ రాయలేదు. మూడు నెలల సవరణ తేదీ వచ్చేసరికి కొత్త బ్యాంకు నుంచి సందేశం వచ్చింది: వడ్డీ 7.35 శాతం, స్ప్రెడ్ అదే 2.10. రేటు మారినప్పుడు ఈఎంఐ మార్చాలా, గడువు మార్చాలా అన్నది ఎంచుకునే అవకాశాన్ని రుణగ్రహీతకే ఇవ్వాలని ఆర్‌బీఐ 2023 ఆగస్టులో ఆదేశించింది. ఈఎంఐ 50,440 దగ్గరే ఉంచి గడువు తగ్గించమని బ్యాంకుకు రాసిచ్చాం, సవరించిన పట్టిక కూడా తీసుకున్నాం.